సాల్ట్స్ సీసా అడుగున మడ్డి

మా డిపార్టుమెంటు వార్షిక సంచికకు ఏదైనా రాయమని ఇప్పటి రీసెర్చ్ పిల్లలు ఫోన్ చేశారు. "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని విజయం ఒకటి రాయండి" అన్నారు. విజయాలు నాకూ రెండు మూడున్నాయి. వాటిని పదవీ విరమణ సభలో వక్తలు ఏకరువు పెట్టేశారు, శాలువా కప్పారు, ఫోటో తీశారు. వాళ్లకు తెలియనిది ఒకటి నా దగ్గర మిగిలిపోయింది. దాని పేరు ఓర్వలేనితనం. అదే రాస్తాను. సంచికలో వేసుకుంటారో, ఆ కాగితాల్లో బఠాణీలు పొట్లం కట్టుకుంటారో మీ ఇష్టం.

తొంభైల చివరి మాట ఇది. అనంతపురంలో సూక్ష్మజీవశాస్త్ర విభాగంలో నేను టెక్నికల్ అసిస్టెంటుని. ఆటోక్లేవ్ పెట్టి సామాన్లను ఆవిరితో శుద్ధి చేయడం, సూక్ష్మజీవులకు తిండి అయ్యే మీడియం కలపడం, ఎమ్మెస్సీ పిల్లలు ప్రాక్టికల్స్‌లో పగలగొట్టిన గాజు ముక్కలు ఏరడం నా ఉద్యోగం. దాంతోపాటు మా ల్యాబు ప్రొఫెసరు, మా సారు దగ్గర పార్ట్‌టైం పీహెచ్‌డీకి పేరు నమోదు చేసుకున్నాను. పగలంతా అందరి పని, మిగిలిన గంటల్లో నా పని. డాక్టరేటు వస్తే టెక్నికల్ ఆఫీసరు పోస్టు ఇస్తామన్నారు. ఆ పోస్టు తాలూకు కుర్చీ గదిలో ఖాళీగా ఉండేది. ఎవరూ లేనప్పుడు రెండుసార్లు కూర్చుని కూడా చూశాను.

నేను పని చేసిన సూక్ష్మజీవి మన చెనక్కాయ చేల మట్టిలో దొరికే బాసిల్లస్. తిండి ఉన్నన్నాళ్లు బుద్ధిగా పెరుగుతుంది. తిండి అయిపోతే చావకుండా స్పోరుగా మారుతుంది. పాఠ్యపుస్తకం దాన్ని సిద్ధబీజం అంటుంది. దానికి ఎండ లెక్కలేదు, ఏళ్ల తరబడి కరువు లెక్కలేదు, తడి తగిలితే మళ్లీ లేస్తుంది. ఈ జిల్లాలో బతకాలంటే ఆ విద్య నేర్చుకోక తప్పదని మా సారు ప్రతి క్లాసులోనూ చెప్పి తానే నవ్వేవారు.

స్పోరు కట్టే ముందు కణం లోపల అడ్డుగోడ లేస్తుంది. చిన్న గది ఒకటి, పెద్ద గది ఒకటి. రెండు గదుల్లోనూ ఉండే జన్యువులు అవే. కానీ ఏ గదిలో, ఏ గంటకు, ఏ జన్యువును చదవాలో ఆజ్ఞ ఇచ్చేవి సిగ్మా అనే ప్రొటీన్లు. మొదట చిన్న గదిలో ఒక సిగ్మా పని మొదలుపెడుతుంది. ఆ కబురు గోడ దాటి అందాక పెద్ద గదిలో ఇంకొకటి లేస్తుంది. మళ్లీ చిన్న గదిలో ఒకటి, ఆఖరున పెద్ద గదిలో ఒకటి. ముందువాడి నుంచి కబురు రాకుండా తర్వాతివాడు కదలడు. మన ఆఫీసుల్లో ఫైలు కన్నా కట్టుదిట్టమైన వరస అది.

జన్యువు చదవడం మొదలైందో లేదో కంటికి కనపడదు కాబట్టి ఒక కిటుకు వాడేవాళ్లం. ఆ జన్యువును తెరిచే స్విచ్‌కు ఒక ఎంజైము జన్యువును తగిలిస్తారు. స్విచ్ పడితే ఎంజైము పుడుతుంది. అప్పుడు రంగులేని మందు ఒకటి వేస్తే పరీక్షనాళిక పసుపుగా మారుతుంది. వరసలో ఆఖరి సిగ్మా నాది. అది తెరిచే జన్యువు కోసం అరగంటకోసారి నాళికలు తీసి, మందు వేసి, పసుపు కోసం చూసేవాణ్ని. నాలుగేళ్లు చూశాను. పసుపు రాలేదు. మైక్రోస్కోపు కింద కూడా స్పోర్లు ఇక్కడొకటి అక్కడొకటి తప్ప కనపడేవి కావు.

మా ల్యాబు అటెండరు నాకన్నా పదిహేనేళ్లు పెద్దవాడు, నోరు ఊరుకునే రకం కాదు. పొద్దున్నే నా ఫ్లాస్కుల వైపు చూసి, "ఏమప్పా, నీ పురుగులు ఇంగా నిద్ర లేయలేదా?" అనేవాడు. "లేదన్నా" అనేవాణ్ని. "కరువు పురుగులు గదా, పన్లేకుండ పండుకోవడం అలవాటైపోయింటాది" అని పోయేవాడు. నేనూ నవ్వేవాణ్ని. మా ల్యాబులో ఇంకెవరూ ఆ పని చేయడం లేదు కాబట్టి తప్పు నాదో, పురుగుదో తేల్చేవాళ్లు లేరు. అదొక సుఖం.

ఆ అమ్మాయి వచ్చాక ఆ సుఖం పోయింది. చిలమత్తూరు పక్క పల్లె నుంచి వచ్చింది. మెట్ట సేద్యం చేసుకునే ఇల్లు. ఫెలోషిప్ పరీక్ష రాసి, నేరుగా ఫుల్‌టైం రీసెర్చ్‌కు చేరింది. మా సారు ఆమెకు వరసలో మొదటి సిగ్మాను ఇచ్చారు, చిన్న గదిలో అన్నిటికన్నా ముందు లేచేదాన్ని. "అన్నా, నాకు ఏమీ తెల్దు, నువ్వే నేర్పించల్ల" అంది మొదటి రోజు. నేర్పించాను. పిపెట్ పట్టడం నుంచి పెంచిన సూక్ష్మజీవుల కల్చర్‌ను కొత్త మీడియంలోకి మార్చడం దాకా నేర్పింది నేనే. అప్పటికి నాకు ఆమె మీద ఏ కోపమూ లేదు. ఫెలోషిప్ మీద మాత్రం ఉంది.

ఇక్కడ ఒక సీసా సంగతి చెప్పాలి. స్పోర్లు కట్టించే మీడియంలో నాలుగు సాల్ట్స్ చిటికెడు చిటికెడు పడాలి. మెగ్నీషియం, కాల్షియం, ఇనుము, మాంగనీసు. పుస్తకం ప్రకారం దేని సీసా దానిదే, ఆఖర్లో విడివిడిగా కలపాలి. కానీ అప్పుడు జిల్లాలో కరువు, మాకు కుళాయి మూడు రోజులకోసారి వచ్చేది. ఒక సీసాడు డిస్టిల్డ్ వాటర్ దిగాలంటే యంత్రాన్ని చల్లబరచడానికి బక్కెట్ల కొద్దీ నీళ్లు కాలువలో పోవాలి. "ఊళ్లో ఆడోళ్లు బిందెల కోసం జుట్లు పట్టుకుంటాంటే మీరు ఈడ నీళ్లను కాంచి పారబోస్తాండారు" అని అటెండరు శాపనార్థాలు పెట్టేవాడు. కరెంటు కూడా అంతే, ఆటోక్లేవ్ సగంలో ఉండగా పోయేది. అందుకని నీళ్లు వచ్చిన రోజు నాలుగు సాల్ట్స్‌నూ ఒకే పెద్ద సీసాలో కలిపి, ఒకేసారి ఉడకబెట్టి, నెల రోజులు వాడుకునేవాళ్లం. ఆ పద్ధతి పెట్టింది నేనే. సారు మెచ్చుకున్నారు కూడా.

నాలుగు రోజులకు ఆ సీసా అడుగున ఎర్రమట్టి రంగు మడ్డి దిగేది. ఇనుము కదా, తుప్పు పట్టిందనుకున్నాం. నాకు శుభ్రం ఎక్కువ. సీసా కదలకుండా పట్టుకుని, పైనుండే తేటను మాత్రమే పిపెట్‌తో తీసుకునేవాణ్ని. ఆ అమ్మాయి వచ్చిన మొదటి వారంలోనే సీసాను రెండు చేతులా పట్టుకుని గలగలా ఊపి పోసింది. మీడియం మసకేసింది.

"ఏందమ్మా అది? మడ్డంతా పడతాంది గదా" అన్నాను.

"అలవాటన్నా. మా ఇంట్లో అంబలి కదిలించకుండ పైపైన ముంచితే మా నాయన తిడ్తాడు. పైన ఉండేది ఉత్త నీళ్లు, సత్తువంతా అడుగునే ఉంటాదంటాడు."

నేను పగలబడి నవ్వాను. అటెండరును పిలిచి మరీ చెప్పాను, పాప ల్యాబులో అంబలి కాస్తాందని. ఆమె కూడా నవ్వింది, ఊపడం మాత్రం మానలేదు. సరేలే, తప్పులు చేసి తానే నేర్చుకుంటుందని వదిలేశాను.

ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం ఆమె స్టాండు పట్టుకుని నా బల్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. సారు గదికి పోలేదు, ముందు నా దగ్గరికే వచ్చింది. "అన్నా, చూడన్నా!" స్టాండులో ఏడు నాళికలు. మొదటి రెండూ తెల్లగా ఉన్నాయి, మూడోదాంట్లో లేత పసుపు, అక్కడి నుంచి ఒకదాన్ని మించి ఒకటి. పుస్తకాల్లో గ్రాఫు ఎలా ఉంటుందో అలాగే ఉంది. నేను "శానా బాగుండాది" అన్నాను. అని, ఆటోక్లేవ్ గదిలోకి పోయి తలుపేసుకున్నాను. లోపల పనేమీ లేదు. నాలుగేళ్లుగా నేను ఎదురుచూస్తున్న రంగు నా బల్ల మీదికే వచ్చింది, కానీ నాది కాకుండా వచ్చింది. నాకు ఏడుపు రాలేదు, కడుపు మండింది. ఇంతకన్నా మర్యాదైన మాట నాకు దొరకలేదు.

ఆ రోజు నుంచి నేను చేసిన పనులు వరసగా చెప్తాను. ఆమె భోజనానికి హాస్టలుకు పోయినప్పుడు ఆమె కల్చర్ లోంచి తీగ లూప్‌తో కాస్త గీరి తెచ్చుకున్నాను. నా పురుగు చెడిపోయిందేమో, ఆమెది మంచిదేమో అని. దాన్ని నా మీడియంలో వేశాను. అది కూడా నిద్రపోయింది! ఆమె చేతిలో లేచేది నా చేతిలో ఎందుకు లేవదు? సమాధానం తట్టలేదు. తట్టకపోయేసరికి నా బుద్ధి తనకు అనువైన సమాధానం వెతుక్కుంది. ఆమె అంకెలు సొంతంగా రాసుకుంటోందేమో. ఆమె నోటుపుస్తకం తెరిచి చూశాను. రీడింగులు నున్నగా, ముచ్చటగా ఉన్నాయి. నిజమైన రీడింగులు అంత అందంగా ఉండవని నాకు నేనే చెప్పుకున్నాను. రెండు రోజులకు ఆ మాటను పూర్తిగా నమ్మాను.

తర్వాత సారు గదికి పోయాను. "సార్, ఒక మాట. ఆ పాప గ్రాఫు మరీ నున్నగా ఉండాది. నేను నాలుగేండ్లు చేసినా. అంత నున్నగా రాదు సార్" అన్నాను. అబద్ధం ఒక్కటీ లేదు ఆ మాటల్లో. అదే వాటిలోని విషం.

సారు మంచివారు, కానీ పేరు పోతుందన్న భయం ఎక్కువ. వచ్చే వారమే ఆ అమ్మాయి ఫెలోషిప్ పొడిగింపు కోసం హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన వస్తున్నారు. ఆయన రాసే రిపోర్టు మీదే ఆమె ఇక్కడ ఉండటమూ పోవడమూ ఆధారపడి ఉంది. "అట్లయితే ఒక పని చెయ్యండప్పా," అన్నారు సారు, "ఆయన ముందరే ఇద్దరూ పక్కపక్కన చెయ్యండి. మీడియం నువ్వు కలుపు. సీనియర్‌వి, నీ చేతిది అయితే ఎవరూ వంక పెట్టరు."

ఆ మాట విన్నప్పుడు నాకు గర్వంగా కూడా అనిపించింది. ఇద్దరికీ ఒకే మీడియం కాబట్టి అది మచ్చలేకుండా ఉండాలనుకున్నాను. ముందురోజు సీసాలోంచి కావాల్సినంత సాల్ట్స్ తీసి, మడ్డి నలుసైనా పడకుండా ఫిల్టర్ పేపరులో వడగట్టాను. మీడియం అద్దంలా వచ్చింది. ఆ పూట నాకు ఏ దురుద్దేశమూ లేదు, ఇది మీరు నమ్మాలి. ఆమెను పడగొట్టాలని వడగట్టలేదు. శుభ్రంగా పడిపోతుందని ఆశపడ్డాను, అంతే.

పెద్దాయన పొద్దున ఏడింటికే వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. తక్కువ మాట్లాడే మనిషి. నా ఫ్లాస్కు, ఆమె ఫ్లాస్కు ఒకే షేకర్ యంత్రంలో పక్కపక్కన తిరుగుతున్నాయి. పెరుగుదల ఆగిన దగ్గర నుంచి అరగంటకోసారి తీశాం. ఆమెకు గంటన్నరకే పసుపు రావాలి. రాలేదు. రెండు గంటలకు రాలేదు. మూడు గంటలకూ తెల్లగానే ఉంది. ఆమె నాళికలు ఎత్తి వెలుగులో చూస్తోంది, దించుతోంది, మళ్లీ ఎత్తుతోంది. ఆమె పైపెదవి మీద చెమట పట్టింది. నా నాళికలు ఎప్పటిలాగే తెల్లగా ఉన్నాయి. జీవితంలో మొదటిసారి ఆ తెలుపు చూసి నాకు హాయిగా అనిపించింది.

సాయంత్రానికి పెద్దాయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఏమ్మా, ఇంతకుముందు చూపించిన గ్రాఫును నేనేమనుకోవాలి?" అన్నారు.

"సార్, ఈ మీడియంలో ఏదో తక్కువైంది సార్."

"మీడియం ఇద్దరికీ ఒకటే కదమ్మా. కలిపింది మీ సీనియర్." ఆయన నా వైపు చూశారు. నేను తల ఊపాను. ఆమె కూడా నా వైపే చూసింది. సారు కిటికీ బయటికి చూశారు.

వాళ్లిద్దరూ టీ తాగడానికి పోయాక సింకు దగ్గర మేమిద్దరమే మిగిలాం. ఆమె ఫ్లాస్కు కడుగుతూ, తల ఎత్తకుండా అడిగింది. "సాల్ట్స్ కదిలించి పోసినావా అన్నా?"

"కదిలించేదేందమ్మా? వడగట్టి పోసినా. పెద్దాయన ముందర మడ్డి పొయ్యల్నా?"

గరాటులో ఫిల్టర్ పేపరు ఇంకా అలాగే ఉంది, ఎర్రగా ఎండిపోయి. ఆమె దాని వైపు చూసింది. ఫ్లాస్కు బోర్లించి, చేతులు తుడుచుకుని హాస్టలుకు పోయింది.

నేను ఆ పేపరు తీసి మడిచి చెత్తబుట్టలో వేయబోతూ ఆగిపోయాను. నాలుగేళ్లుగా తట్టనిది అప్పుడు తట్టింది. ఇనుము ఒక్కటే తుప్పు పట్టి దిగిపోదు, దిగుతూ మాంగనీసును కూడా పట్టుకుపోతుంది. మాంగనీసు అందకపోతే ఈ పురుగు పెరుగుతుందిగానీ స్పోరు కట్టదు, మొదటి సిగ్మాకు ఆజ్ఞే అందదు. ఈ సంగతి నేను ఎమ్మెస్సీ పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పినవాణ్ని. నాలుగేళ్లు పైనుండే ఉత్త నీళ్లు పోసి, అడుగునుండే సత్తువను కడిగి పారేశాను. ఆమె ఊపి పోసింది కాబట్టి ఆమెకు పసుపు వచ్చింది. ఆమె రీడింగులు అన్నీ నిజం.

సారు, పెద్దాయన క్యాంటీన్లోనే ఉన్నారు. నేను నడిచిపోతే రెండు నిమిషాలు. పోలేదు. ఖాయం చేసుకోకుండా చెప్పడం సైన్సు కాదని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత గొప్ప సాకో చూడండి.

మరుసటి రోజు తెల్లారేసరికి ల్యాబులో ఉన్నాను. సీసాను నా చేతులతో గలగలా ఊపి, మసకబారిన మీడియంలో నా పురుగు వేశాను. మధ్యాహ్నం పన్నెండు దాటాక, ఆఖరి సిగ్మా లేవాల్సిన వేళకు, నా నాళికలో పసుపు వచ్చింది. మొదట నా కళ్లే అనుకున్నాను. తర్వాతి నాళికలో ఇంకా చిక్కగా వచ్చింది. నాలుగేళ్ల తర్వాత నా పసుపు! ఆ సంతోషాన్ని తక్కువ చేసి చెప్పలేను. సారు గదికి పరిగెత్తాను. ఆయన నా భుజం పట్టుకుని గెస్ట్‌హౌసుకు లాక్కుపోయారు. పెద్దాయన రైలుకు ఇంకా గంటన్నర ఉంది. పెట్టె సర్దుకుంటున్నవారు కళ్లద్దాలు పెట్టుకుని నాళికలు చూశారు, నన్ను చూశారు.

"బాగుంది. నిన్న రానిది ఇవాళ వచ్చింది. ఏం మార్చారు?"

ఒకే ప్రశ్న. ఒకే వాక్యంలో జవాబు ఉంది. సీసా కదిలించాను సార్, ఆ పాప చేసినట్టు. అంతే చాలు. పెద్దాయనకు మిగతాది నేను చెప్పనక్కర లేదు, రిపోర్టు అక్కడికక్కడే మారిపోయేది. కానీ ఆ వాక్యం అంటే, నాలుగేళ్లు పుస్తకాలు తిరగేసిన నాకు దొరకనిది అంబలి కుండ దగ్గర కూర్చున్న పిల్లకు దొరికిందని ఒప్పుకోవాలి. నా పసుపు కూడా ఆమె పెట్టిన భిక్షేనని ఒప్పుకోవాలి.

"షేకర్ స్పీడు పెంచినా సార్" అన్నాను.

ఆయన తల ఊపి డైరీలో రాసుకున్నారు. సారు నన్ను కౌగిలించుకున్నంత పని చేశారు. రైలు సమయానికే పోయింది.

రిపోర్టు పది రోజులకు వచ్చింది. నా పని ఆశాజనకంగా ఉందని, ఆ అమ్మాయి ఫలితాలు నిర్ధారణ కాలేదు కాబట్టి ఫెలోషిప్ పొడిగించనక్కర లేదని. ఎవరూ ఆమెను దొంగ అనలేదు. కానీ కారిడార్లో ఎమ్మెస్సీ పిల్లలు ఆమె వచ్చేసరికి మాటలు ఆపేసేవాళ్లు. నెలాఖరు దాకా గడువు ఇచ్చారు. ఆ నెలంతా నేను నా ప్రయోగాన్ని మళ్లీ మళ్లీ చేశాను. మూడుసార్లు వస్తే నమ్మవచ్చని పుస్తకం చెప్పింది. నేను ఏడుసార్లు చేశాను. ఏడుసార్లూ పసుపు వచ్చింది. ఎనిమిదోసారి అయ్యాక చెప్దామనుకున్నాను.

ఒకరోజు అటెండరు చీపురు పట్టుకుని నా వెనక నిలబడ్డాడు. "ఏమప్పా, నువ్వు గూడా సీసా ఊపుతాండావే, ఆ పాప మాదిరి."

"ఉత్తిదే అన్నా, మడ్డి ఎంతుందో చూస్తాండా" అన్నాను. ఆయన అడగనే లేదు, నేనే భుజాలు తడుముకున్నాను.

"ముందు నగినావు గదా, అంబలి అని," అన్నాడు. నా మొహం కాసేపు చూసి, ఊడ్చుకుంటూ పోయాడు. ఆ తర్వాత నా పురుగుల గురించి ఆయన ఎన్నడూ ఎగతాళి చేయలేదు. ఆ ఎగతాళి లేని పొద్దుటిపూటలు నాకు శానా బరువుగా గడిచాయి.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. ఆమె పోయిన వారానికి నేను సారుకూ, పెద్దాయనకూ జరిగింది జరిగినట్టు ఉత్తరం రాశాను. సారు నాతో రెండు నెలలు మాట్లాడలేదు. పెద్దాయన రిపోర్టు సవరించి పంపారు, ఫెలోషిప్ తిరిగి ఇచ్చారు. కానీ ఆ కాగితాలు కదిలేలోపే ఆమె వేరే రాష్ట్రంలో ఒక ల్యాబులో చేరిపోయింది. తిరిగి రాలేదు. నాకు డాక్టరేటు వచ్చింది, ఆ కుర్చీ వచ్చింది, రిటైరయ్యేదాకా అందులోనే కూర్చున్నాను. ఆమె ఆ సిగ్మాల మీదే పని చేసి నాకన్నా ఎంతో దూరం పోయింది. ఆమె పేపరు ఎప్పుడు వచ్చినా చదువుతాను. మొదట తప్పు ఎక్కడైనా దొరుకుతుందా అని చదువుతాను, తర్వాత విషయం కోసం చదువుతాను. ఈ వయసులో కూడా వరస మారలేదు.

ఇక ఆమె పోయిన రోజు. దాని కోసమే ఇదంతా రాశాను.

నెలాఖరు ఆదివారం. హిందూపురం బస్సు కోసం ఆమె బస్టాండులో ఉందని అటెండరు చెప్పాడు. చెప్పి, "పోతావా, పోవా?" అని అడిగాడు. పోయాను. ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది, ఒళ్లో పుస్తకాల సంచి. నన్ను చూసి లేచి, "రా అన్నా" అని పెట్టె మీద చోటిచ్చింది. నేను కూర్చోలేదు. దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ ఒకేసారి చెప్పేశాను. మడ్డి గురించి, మాంగనీసు గురించి, వడగట్టిన సంగతి, సారుకు నేనే చెప్పిన సంగతి. షేకర్ అబద్ధం గురించి కూడా. ఆమె అడ్డురాకుండా విన్నది.

"నాకు తెలుసన్నా," అంది. "ఆ సాయంత్రం సింకు కాడనే తెలిసింది, ఆ పేపరు చూసినప్పుడు."

"మరి పెద్దాయనకు చెప్పలేదేమమ్మా? రైలు దాకా టైముండె గదా. సారుకన్నా చెప్పింటే..."

"నేను చెప్తే సాకంటారు. నువ్వు చెప్తే సైన్సంటారు." గొంతులో కోపం లేదు, సమీకరణం చెప్పినట్టు చెప్పింది. "నువ్వు పొద్దున్నే సీసా ఊపేది నేను కిటికీలోంచి చూసినా. పసుపొచ్చి పరిగెత్తేది గూడా చూసినా. ఇప్పుడు చెప్తాడు మా అన్న అనుకున్యా. ఆ పొద్దు చెప్పలేదు. రేపు చెప్తాడులే అనుకున్యా. నెలంతా చూసినా."

బస్సు వచ్చింది. జనం తోసుకుంటున్నారు. పెట్టె నేను ఎత్తబోతే వద్దని తానే ఎత్తుకుంది, కండక్టరు పైనుంచి అందుకున్నాడు. కిటికీ పక్కన కూర్చుని, బస్సు కదిలేముందు, "ఎండన్నా, ఇంటికి పో" అంది.

పిల్లలూ, ఆ క్షణం నాకు సిగ్గు కలిగిందని రాస్తే మీకు బాగుంటుంది. సిగ్గు వచ్చింది, కానీ తర్వాత వచ్చింది, బస్సు ఊరు దాటాక. ముందు వచ్చింది అది కాదు. నెల రోజులు నన్ను చూస్తూ, నా పక్కన కూర్చుని, "అన్నా" అని పిలుస్తూ, నేను మంచివాణ్ని కావడానికి ఎదురుచూసిన ఆ ఓపిక ఆమెకే ఎందుకుండాలి, నాకెందుకు లేదని, అప్పుడు కూడా నాకు ముందు కలిగింది అసూయే.